చిన్న విలన్ పక్కనుండే మా అల్లుడు

సినిమాలో ఒక గూఢచారి ఉంటాడు. అతనికి పగవాడుగా ఎక్కడో పరదేశంలో కూర్చున్న పెద్ద విలన్ ఒకడు. ఆ పెద్ద విలన్‌కు బెంగళూరులో పనులు చేసిపెట్టే చిన్న విలన్ ఇంకొకడు. ఆ చిన్న విలన్ వెనకాల చేతులు కట్టుకుని నిలబడే నలుగురిలో ఒకడు మా అల్లుడు. పాత్రకు పేరు ఉండదు. తెర మీద పేర్లు వేసేటప్పుడు కూడా అనుచరులు అని నలుగురినీ కలిపి ఒకే వరుసలో వేస్తారట. అది చదివేలోపే పోతుందట.

నిజానికి అతను నా మనవరాలి భర్త. నా కూతురు చనిపోయినప్పుడు మనవరాలికి ఆరేళ్లు. అప్పటి నుంచి నా దగ్గరే పెరిగింది. అందుకని ఆమె భర్తను మనవడు అనడానికి నాకు నోరు తిరగలేదు, అల్లుడనే అంటాను. మడివాళలో సంత వెనక సందులో మా ఇల్లు. కింద నేను, మిద్దె మీద వాళ్లిద్దరు. చుట్టూ అన్నీ కంప్యూటరు పనులు చేసే పిల్లలుండే పీజీలు. ఆ పిల్లలకు కసరత్తు నేర్పే జిమ్ములో అల్లుడికి పని. సినిమావాళ్లు పిలిస్తే ఆ రోజుకు సెలవు పెట్టి పోతాడు.

మనిషి మా వాకిలి కంటే ఎత్తు. లోపలికి వచ్చేటప్పుడు తల వంచుకునే రావాలి. ఎడమ కనుబొమ్మ మీద గాటు ఉంది. చిన్నప్పుడు ఊళ్లో బావి గిలక తగిలి పడిన గాటు అది. సినిమావాళ్లు దాన్ని కత్తిగాటు అనుకుని ముచ్చటపడి పిలిచారు. సంబంధం మాట్లాడేటప్పుడు నేను కూడా ఆ గాటునే చూసి వద్దన్నాను. తర్వాత ఒకసారి మా ఇంటికి వచ్చి, కాఫీ తాగి, లేచి వెళ్తూ, ఎవరూ చెప్పకుండానే ఫ్యాను ఆపి వెళ్లాడు. మా మనవరాలు పాతికేళ్లు నా ఇంట్లో పెరిగి కూడా ఆ పని చేయదు. ఆ ఒక్క దానికే పెళ్లికి ఒప్పుకున్నాను.

నేను చదువుకున్నది మూడో తరగతి. తెలుగు చదవగలను, రాయగలను. కన్నడ అక్షరాలు కూడబలుక్కుని బస్సు బోర్డులు చదువుతాను. సినిమాకు టికెట్టు కొనడం నాకు చేతకాదు, అంటే అంత డబ్బు పెట్టడానికి చేతులు రావు. పక్క పీజీలో ఉండే పిల్ల ఒకసారి ఫోన్లో అల్లుడి సినిమా చూపించింది. చాలాసేపు చూసి, "ఏడమ్మా మావాడు?" అన్నాను. వేలు పెట్టి చూపించింది. విలన్ కుర్చీ వెనక ఒక మోచేయి. అది మావాడిదేనని నేను గుర్తుపట్టాను, ఆ చొక్కాకు గుండీ కుట్టింది నేనే.

ఎనిమిదేళ్లు అట్లా మోచేతులు, వీపులు చూపించినవాడికి ఈ ఏడాది ఒక వేషం వచ్చింది.

ఒక ఆదివారం పొద్దున సినిమా మేనేజరు ఇంటికే వచ్చాడు. చెవిలో ఏదో పెట్టుకుని, ఒక మాట మాతోనూ ఒక మాట గాల్లో ఇంకెవరితోనో మాట్లాడే మనిషి. తెలుగువాడే, కానీ సగం ఇంగ్లీషు.

"అమ్మా, గుడ్ న్యూస్. మీవాడికి ఈసారి క్యారెక్టర్ వచ్చింది. చిన్న విలన్‌కి రైట్ హ్యాండ్. ఫుల్ సీన్. డైలాగ్ కూడా ఉంది."

"చేతులు కట్టుకోవడం కాదా?" అన్నాను.

"కాదమ్మా! గోడౌన్‌లో హీరో షూట్ చేసేస్తాడు, చిన్న విలన్ డెడ్. అందరూ పారిపోతారు. మీవాడొక్కడే పోడు. బాస్ శవాన్ని భుజం మీద వేసుకుని నడిచొచ్చి వ్యాన్లో వేస్తాడు. ఆడియన్స్ కళ్లల్లో నీళ్లు తిరగాలి."

అల్లుడు నిలబడినవాడు నిలబడినట్టే ఉన్నాడు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. సంతోషమొస్తే అతనికి చెవులకే వస్తుంది.

"ఒక్కటే," అన్నాడు మేనేజరు, "గడ్డం, జుట్టు మొత్తం తీసేయాలి. డైరెక్టర్‌కి క్లీన్ గుండు కావాలి. శుక్రవారం లోపల ఓకే చెప్పండి. లైన్లో ఇంకో ఇద్దరున్నారు."

అప్పుడు అల్లుడు తన పెండ్లాం వైపు చూశాడు. మా మనవరాలు దివాను మీద కాళ్ల కింద రెండు దిండ్లు పెట్టుకుని పడుకుని ఉంది. ఆరో నెల. డాక్టరు మెట్లు దిగవద్దంది, ఆఫీసు పని కూడా ఇంట్లోనే పడుకుని చేసుకొమ్మంది.

"శవం మొయ్యాలా? గుండు గీయించుకోవాలా?" అంది మనవరాలు. మేనేజరును కాదు, మొగుణ్ణి అడిగింది. "పోయినసారి చేసింది చాల్లేదా నీకు?"

అతను ఏమీ అనలేదు. మేనేజరుతో కలిసి మెట్లు దిగాడు. నేను కూడా ఏమీ అనలేదు. నేను అనకపోవడం వేరు, అతను అనకపోవడం వేరు. అది చెప్పాలంటే రెండేళ్లు వెనక్కి వెళ్లాలి.

మా వైపు ఇళ్లల్లో భార్య కడుపుతో ఉంటే భర్త పాడె మోయకూడదు, జుట్టు తీయించుకోకూడదు. నా తల్లి చెప్పింది నాకు, నేను చెప్పాను మావాళ్లకు. రెండేళ్ల క్రితం మనవరాలికి మొదటిసారి కడుపు నిలిచినప్పుడు కూడా చెప్పాను. అప్పుడు జిమ్ముకు కాపలా ఉండే ముసలాయన చనిపోయాడు. ఆయనకు ముందూ వెనకా ఎవరూ లేరు. మోయడానికి ముగ్గురు కుదిరారు, నాలుగో మనిషి లేడు. అల్లుడు నేరుగా నా దగ్గరికి వచ్చాడు.

"అవ్వా, పోనా వద్దా? నువ్వు ఎట్ల చెప్తే అట్ల."

నేను చేటలో కందిపప్పు పోసుకుని రాళ్లు ఏరుతున్నాను. వేళ్ల మీద నెలలు లెక్క పెట్టాను. ఐదో నెల ఇంకా పడలేదు, ఐదు పడితేనే పట్టింపు అనుకున్నాను. ఆ ముసలాయన నాకు తెలుసు. కూరగాయల సంచి బరువుగా కనిపిస్తే అడగకుండానే అందుకునేవాడు.

"దిక్కులేని మనిషప్పా. పో, భుజమిచ్చి రా. నీళ్లు పోసుకుని లోపలికి రా," అన్నాను.

పోయాడు. తొమ్మిది రోజులకు మా పిల్లకు కడుపు పోయింది.

ఆసుపత్రి వరండాలో మా బంధువులు నలుగురు నా చుట్టూ కూర్చున్నారు. ఏ తప్పు జరిగింది, ఎవరేం చేశారు, ఏం తిన్నది, ఎక్కడ నడిచింది అని ఒకటే ఆరా. ఇంట్లో పెద్దదాన్ని నేను. అన్నీ తెలిసినదాన్ని అని పేరు. నా వైపు చూస్తున్నారు. అప్పుడే అల్లుడు మందుల చీటీ పట్టుకుని ఎదురుగా వచ్చాడు. నా నోట్లోంచి మాట జారింది.

"పాడె మొయ్యొద్దప్పా అని మొత్తుకుంటిని. విన్న్యాడా? పోయి మోసొచ్చె. ఇప్పుడు అనుభవించేది ఎవరు?"

అతను ఆగి నా ముఖం చూశాడు. ఒక్కసారే చూశాడు. తర్వాత తల దించుకుని, "మందుల షాపు కింద ఉందంట" అని వెళ్లిపోయాడు. తలుపు తెరిచే ఉంది. లోపల మంచం మీద మా పిల్ల ఆ మాట విన్నది.

మర్నాడు డాక్టరమ్మ నన్ను పిలిచి చెప్పింది. గర్భసంచి మూతి బలంగా లేదట, బరువు పెరిగేసరికి ఆపుకోలేకపోయిందట. ఈసారి నిలిస్తే ముందుగానే కుట్టు వేస్తామంది. నేను సిగ్గు విడిచి అడిగాను, "వాళ్లాయన శవాన్ని మోసినాడమ్మా, దానివల్ల ఏమైనా..." ఆమె నవ్వలేదు, అది నాకు గుర్తుంది. "దేనివల్లా కాదమ్మా, ఎవరి తప్పూ కాదు. ఇంట్లో అందరికీ ఈ మాట చెప్పండి" అంది. కుట్టు సంగతి అందరికీ చెప్పాను. ఆ రెండో మాట చెప్పలేదు. చెబితే నేను అబద్ధమాడిన సంగతి కూడా చెప్పాలి. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ రెండేళ్లు గడిపాను. మనవరాలు మొగుడితో కాపురం చేస్తూనే ఉంది, నవ్వుతూనే ఉంది. కానీ ఏ చిన్న మాట వచ్చినా ఆ పాడె దగ్గరికే వచ్చి ఆగేది.

ఈసారి నిలిచిన దగ్గర నుంచి అల్లుడు గడ్డానికి గానీ జుట్టుకు గానీ కత్తెర తగలనివ్వలేదు. జిమ్ములో పిల్లలు స్వామీ అని పిలుస్తున్నారట. వీధిలో ఎవరైనా చనిపోతే ఆ సందు వదిలి చుట్టు తిరిగి వస్తాడు. అదంతా చూస్తూ కూడా నేను నోరు విప్పలేదు.

మంగళవారం మేనేజరు మళ్లీ వచ్చాడు. నేను పంచలో కూర్చుని ఉన్నాను. అల్లుడు ఎదురుగా నిలబడ్డాడు.

"గుండుకి స్కిన్ క్యాప్ పెడదాం అంటే డైరెక్టర్ ఒప్పుకోవట్లేదు అమ్మా. క్లోజప్‌లో తెలిసిపోతుంది."

"శవానికి బదులు బొమ్మ పెట్టుకోరాదా? బట్టల అంగట్లో ఉంటాయే నిలువెత్తు బొమ్మలు," అన్నాను.

"బొమ్మకి కాళ్లు ఊగవమ్మా, జనం నవ్వుతారు. అయినా అది శవం కాదు కదా! ఆ ఆర్టిస్టు బతికే ఉన్నాడు, నాలుగు దోశలు తిని వచ్చి మరీ పడుకుంటాడు. బతికున్నోణ్ణి మోస్తే తప్పేంటి?"

ఆ మాట నాకు సబబుగానే తోచింది. అల్లుడి వైపు చూశాను.

"వద్దు సార్. ఇంట్లో బేజారు చేసుకుంటారు. ఇంకెవర్నన్నా చూసుకోండి," అన్నాడు.

"ఎనిమిదేళ్ల నుంచి డైలాగ్ డైలాగ్ అని నా ప్రాణం తీశావు కద గురూ! ఇప్పుడు వస్తే వద్దంటావా?"

"ఏం చేసేది సార్."

"శుక్రవారం దాకా ఆగుతా. తర్వాత నన్ను అనొద్దు," అని అతను చెవిలో మనిషితో మాట్లాడుకుంటూ వెళ్లిపోయాడు.

మర్నాడు గ్యాసు సిలిండరు వచ్చింది. తెచ్చినవాడు గుమ్మంలో దించి పోతే మిద్దె మీదికి ఎక్కించేది అల్లుడే. నేను మెట్ల కింద చీపురు పట్టుకుని ఉన్నాను, అతను నన్ను చూడలేదు. సిలిండరు భుజానికి ఎత్తుకున్నాడు. మామూలుగా రెండేసి మెట్లు ఎక్కే మనిషి, ఆ రోజు ఒక్కో మెట్టు మెల్లగా ఎక్కుతున్నాడు. మెట్టు మెట్టుకూ లోగొంతుతో ఒక మాట.

"అన్నను ఈడ ఇడిసి నేను రాను. మీరు పోండి."

పై మెట్టు దాకా పోయాడు. తృప్తి లేనట్టుంది. సిలిండరుతో సహా దిగి వచ్చాడు. మళ్లీ ఎక్కాడు. ఈసారి గొంతు ఇంకొంచెం తగ్గించాడు. "అన్నను ఈడ ఇడిసి నేను రాను." వద్దని చెప్పేసిన వేషానికి ఎందుకు సాధన చేస్తున్నాడో అడగాల్సిన పని లేదు. నిండు సిలిండరు మోసుకుని మా మెట్లు మూడుసార్లు ఎక్కాడు ఆ మనిషి.

చీపురు గోడకు ఆనించి నేను కూడా మిద్దెకెక్కాను. మనవరాలు లోపల గదిలో తలుపేసుకుని ఆఫీసు పనిలో ఉంది. అతను గట్టు మీద కూర్చుని తువ్వాలుతో మెడ తుడుచుకుంటున్నాడు.

"కూర్చోప్పా," అన్నాను. అతను లేవబోతే భుజం పట్టి కూర్చోబెట్టాను. "రెండేండ్లాయె. నీతో ఒక మాట చెప్పల్ల."

"చెప్పవ్వా."

"ఆ పొద్దు పాడె మొయ్యను పొమ్మనింది నేను. ఆసుపత్రిలో మాట మార్చింది నేను."

అతను నవ్వాడు. "నాకు తెలీదా అవ్వా? పొమ్మని చెప్పింది నాకే గదా."

 అవును, అతనికి తెలియకుండా ఎట్లా ఉంటుంది! రెండేళ్లుగా నేను దాచిపెట్టుకున్నది అతని దగ్గర కానే కాదు.

"తెలిసి ఎందుకు గమ్మునుండావు? నేను కాదు, మీ అవ్వే పొమ్మన్యాది అని ఆ పొద్దే చెప్పింటే అయిపోతుండె."

తువ్వాలు మడత పెట్టడం మొదలుపెట్టాడు. "దానికి అమ్మ లేదు. ఉండేది నువ్వొక్కదానివే. నా మీద కోపమొస్తే రెండు దినాలు మాట్లాడదు, మూడో దినం అన్నం పెడ్తాది. నీ మీద మనసు ఇరిగితే అది యాడికి పోతాది? అందుకే సుమ్నె గమ్మునుండిపోతిని."

ఎప్పుడో పోయిన ముసలాయనకు భుజమిచ్చిన రోజు కూడా ఇంతే తేలిగ్గా మాట్లాడాడు. నేను డాక్టరమ్మ చెప్పిన మాట చెప్పాను, ఎవరి తప్పూ కాదంది అని. అది మాత్రం అతనికి తెలియదు. తువ్వాలు మడత పెట్టే చేతులు ఆగిపోయాయి.

"ఆ యమ్మ అట్ల చెప్పిందా?"

"చెప్పింది."

"నా వల్లనే మూతి బలం లేకుండా పోయిందేమో అనుకుంటి," అన్నాడు. గడ్డంలోకి నీళ్లు దిగుతుంటే అటు తిరిగాడు. నేను కూడా ఇటు తిరిగాను. అల్లుడు ఏడుస్తుంటే అత్తవరస మనిషి చూడకూడదు.

తువ్వాలుతో ముఖం తుడుచుకుని, "దానికి చెప్పొద్దవ్వా. ఇప్పుడు ఒంట్లో బాగాలేదు. వేషం పోతే పోనీ, ఇంకోటి వస్తాది," అన్నాడు.

సరేనని తల ఊపాను. అతను సాయంత్రం జిమ్ముకు వెళ్లాక సరాసరి మనవరాలి దగ్గరికి వెళ్లాను.

ఆమె చెవులకు ఏదో తొడుక్కుని కంప్యూటరులో ఎవరితోనో మాట్లాడుతోంది. గోడ దగ్గర పీట వేసుకుని కూర్చున్నాను. అరగంట కూర్చున్నాను. ఆ అరగంటలో లేచి పోవాలని మూడుసార్లు అనిపించింది. పొయ్యి మీద పాలున్నాయని, ట్యాంకు నిండిందని, ఏవేవో సాకులు తోచాయి. చివరికి ఆమె చెవులవి తీసి, "ఏంది అవ్వా, దేవుని ముందర కూర్చున్నట్ల కూర్చున్యావు?" అంది.

చెప్పాను. కందిపప్పు చేట దగ్గర నుంచి డాక్టరమ్మ మాట దాకా వరసగా చెప్పాను. మధ్యలో ఆగితే మళ్లీ మొదలుపెట్టలేనని ఆగలేదు.

ఆమె కడుపు మీద చెయ్యి వేసుకుని పైన ఫ్యాను చూస్తూ పడుకుంది.

"ఆ మనిషి నాకు కాళ్లు వత్తేటప్పుడు కూడా మనసులో తిట్టుకుంటాంటి అవ్వా. వీడు నా బిడ్డను పోగొట్టినాడని. రెండేండ్లు."

"నన్ను తిట్టు."

"నిన్ను తిట్టేకి నాకు ఇప్పుడు ఓపిక లేదు. కిందికి పో."

కిందికి వచ్చేశాను. ఆ రాత్రి నేను అల్లుడి చేత పంపిన చారన్నం గిన్నె మూత తీయకుండానే తిరిగి వచ్చింది. పైన ఉప్మా తాళింపు వాసన వచ్చింది, అల్లుడు చేస్తున్నట్టున్నాడు. నా దగ్గరికి వచ్చినప్పటి నుంచి నా చేతి అన్నం ఆ పిల్ల వద్దనడం అదే మొదలు. గురువారం కూడా గిన్నె అట్లాగే తిరిగి వచ్చింది. అన్నం పారేయడం నాకు చేతకాదు. రెండు పూటలూ ఆ చద్దన్నమే నేను తిన్నాను.

శుక్రవారం పొద్దున మిద్దె మీద తుమ్మెద రొద లాంటి చప్పుడు వినిపించింది. మిక్సీ కాదు, పంపు కాదు. భయమేసి ఎక్కాను. ఎండ పడే చోట కుర్చీ వేసుకుని మనవరాలు కూర్చుంది. ఆమె కాళ్ల దగ్గర పాత గోనెసంచి పరుచుకుని అల్లుడు కూర్చున్నాడు, బడిలో శిక్ష పడిన పిల్లవాడిలా. ఆమె చేతిలో గడ్డం గీసుకునే మిషను. ఆరు నెలల జుట్టు కుప్పలుగా గోనె మీద పడుతోంది.

"కదలొద్దు. చెవి తెగిపోతాది," అంటోంది.

"మెల్లగే. గుండు గీయమంటే తోలు ఒలుస్తాండావు."

"మూసుకో నోరు. సినిమాలో కూడా ఇంత నోరుంటే ఎప్పుడో హీరో అయిపోతాంటివి."

నన్ను చూసి మిషను ఆపింది. "అవ్వా, వెనక భాగం నాకు అందలేదు. నువ్వు గియ్యి," అంది.

ఆ పిల్ల మళ్లీ నాతో మాట్లాడింది అప్పుడే. నేను మిషను అందుకున్నాను. అటువంటిది జన్మలో పట్టలేదు. మిషను జారి రెండు చోట్ల గాటు పడింది. "పర్వాలేదవ్వా, రౌడీకి బాగుంటాది," అన్నాడు అల్లుడు. మనవరాలు పగలబడి నవ్వి, కడుపు పట్టుకుని, "నవ్వించొద్దురా సామీ, కుట్టు ఉండాది" అంది.

చందాపుర దగ్గర మూతపడిన ఫ్యాక్టరీ షెడ్డులో చిత్రీకరణ. నేను కూడా వెళ్లాను. సజ్జరొట్టెలు కట్టుకుని పోయాను, వాళ్ల అన్నం మీద నాకు నమ్మకం లేదు. చిన్న విలన్ వేషగాడు చాలా మర్యాదస్తుడు. బాగా బొద్దు మనిషి. చొక్కా అంతా ఎర్రరంగు పూసుకుని నా దగ్గరికి వచ్చి దండం పెట్టి, "పెద్దమ్మా, మీవాడికి శ్రమ ఇస్తున్నాను" అన్నాడు. తర్వాత వెళ్లి చచ్చిపోయి పడుకున్నాడు.

తుపాకుల చప్పుడయ్యింది. పక్కవాళ్లందరూ పరుగు తీశారు. మా అల్లుడు ఒక్కడే నిలబడ్డాడు. వంగి ఆ మనిషిని భుజానికి ఎత్తుకున్నాడు. "అన్నను ఈడ ఇడిసి నేను రాను. మీరు పోండి." మెట్ల మీద విన్నదానికంటే మెల్లగా అన్నాడు. నడిచి వచ్చి వ్యాన్లో పడుకోబెట్టాడు.

"కట్! గురూ, నువ్వు రౌడీవి! మూటలాగ పడెయ్," అని డైరెక్టరు అరిచాడు.

రెండోసారి కూడా అంతే. మూడోసారి కూడా అంతే. కాళ్లయితే విసురుగా వేస్తున్నాడు గానీ, తల దగ్గరికి వచ్చేసరికి కింద అరచెయ్యి పెడుతున్నాడు, ఇనుము తగలకుండా. మూడోసారి తర్వాత డైరెక్టరు నెత్తి గోక్కుని, ఆ చిన్న టీవీలో మళ్లీ మళ్లీ చూసుకుని, "సరే, ఉండనీ" అన్నాడు.

అప్పుడొక వింత జరిగింది. చచ్చిన వేషగాణ్ణి లేపి, కెమెరా వైపు చూసి నవ్వమన్నారు. అతను ముప్పైరెండు పళ్లూ కనబడేలా నవ్వాడు. ఎందుకని మేనేజరును అడిగితే, "శవంగా పడుకున్నవాళ్లు లేచి నవ్వాలమ్మా, లేకపోతే మంచిది కాదు. మా వాళ్ల ఆచారం" అన్నాడు. తుపాకులు, కంప్యూటర్లు పెట్టుకున్న ఆ మనుషులు కూడా అట్లా భయపడడం చూసి నాకు జాలేసింది. ఆచారాన్ని నేను ఇప్పటికీ కాదనను. భయం లేని ఇల్లు ఉండదు. కానీ నేను చేసింది ఆచారం పాటించడం కాదు. నా తప్పు మోయడానికి అందుబాటులో ఉన్న బలమైన మనిషిని చూసి అతని మీద పెట్టాను.

ఇప్పుడు మనవరాలికి ఎనిమిదో నెల నడుస్తోంది. నా అన్నం తింటోంది. పూర్తిగా మునుపటిలా లేదు, ఉండాలని నేను అడగను కూడా. సినిమా ఇంకా బయటికి రాలేదు. అల్లుడి తల మీద వెంట్రుకలు ముళ్లలాగా లేచాయి.

ఆ రోజు ఆసుపత్రి వరండాలో నా మాట విన్న బంధువులు నలుగురు అని చెప్పాను కదా. వాళ్లలో ముగ్గురి ఇళ్లకు నేనే బస్సెక్కి పోయి, నేను అబద్ధమాడానని నోటితో చెప్పి వచ్చాను. ఒకామె, "ఇప్పుడెందుకు ఇదంతా? కాన్పు అయ్యాక చూసుకోవచ్చు కదా" అంది. కాన్పు బాగా జరిగాక చెబితే దానికి విలువ లేదు. ఇంకోరకంగా జరిగితే, గుండు గీయించుకున్నాడు, శవాన్ని మోశాడు అని మళ్లీ అతని మీదికే వస్తారు. అప్పుడు నేను చెప్పినా ఎవరూ వినరు. ఏం జరిగినా అది డాక్టరమ్మ చెప్పిన కారణాల వల్లే జరుగుతుంది, అతని భుజం వల్ల కాదు. ఈ మాట ముందే చెప్పాలి.

నాలుగో ఆమె మా ఆడబిడ్డ. వర్తూరులో ఉంటుంది. ఆమెకు ఇప్పుడు చెవులు అసలు వినపడవు, ఎంత అరిచినా ఊరికే నవ్వుతుంది. కళ్లు మాత్రం బాగున్నాయి, తెలుగు చదువుతుంది. ఆమె కోసమే పాత క్యాలెండరు కాగితాల వెనక ఇదంతా రాశాను. ఒక్క మాటతో పోయేదే, కానీ నేను చేసిన పని ఏమిటో, ఆ మనిషి ఎటువంటివాడో తెలియాలంటే ఇంత రాయాల్సి వచ్చింది. రేపు అల్లుడే బండి మీద నన్ను వర్తూరుకు తీసుకుపోతాడు. ఆమె చదివి ముగించేదాకా నేను ఎదురుగా కూర్చుంటాను.